నౌకపై నుంచి ఎగిరే తేలిక యుద్ధ విమానం: ఆయుధ భారానికి హద్దులు

కోల్‌కతా మహానగరానికి తూర్పున వెలసిన న్యూ టౌన్‌లో 2022 నుంచి ఒక భారీ విమానం సందర్శకులను ఆకర్షిస్తున్నది. భారత నౌకాదళంలో 1988 నుంచి 2017 వరకు సముద్రంపై నిఘా విధులు నిర్వహించిన టీయూ-142 విమానాలలో అది ఒకటి. అదే కోవకు చెందిన మరొక విమానం 2017 నుంచే విశాఖపట్నం సముద్రతీరాన ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది. ఈ విధంగా బంగాళాఖాతం ఒడ్డునున్న రెండు రాష్ట్రాల విద్యార్థులు ఒకే పాఠాన్ని కళ్లారా చూడగలుగుతున్నారు. ఈ విమానం రెక్కల వెడల్పు సుమారు 50 మీటర్లు. 185 టన్నుల వరకు బరువుతో నేల విడిచేది. అయితే అందుకు సుదీర్ఘమైన రన్‌వే అవసరం.

విశాఖపట్నంలోనే ప్రదర్శనకు ఉంచిన సీ హారియర్ దీనికి పూర్తిగా భిన్నమైనది. నౌకపై నుంచి ఎగిరే ఈ ఒంటి ఇంజను యుద్ధ విమానం గరిష్ఠ బరువు సుమారు 11.9 టన్నులు, అనగా టీయూ-142 బరువులో పదిహేనవ వంతు కన్న తక్కువ. ఇట్టి చిన్న విమానం ఎంత ఆయుధ భారం మోయగలదు? ఈ ప్రశ్నకు ఒకే అంకెతో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. రెక్కల క్రింద ఆయుధాలు తగిలించే స్థానాలు ఎంత బరువును భరించగలవో విమాన నిర్మాతలు నిర్ణయిస్తారు. కాని ఒక నిర్దిష్ట దినాన అందులో ఎంత భాగం వినియోగపడుతుందో నౌక, గాలి, ఎండ, ఇంధనం కలిసి నిర్ణయిస్తాయి.

గాలియే సహాయం

విమానాన్ని పైకెత్తే బలం రెక్కల మీదుగా ప్రవహించే గాలి వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. నేలపై విమానం చాలినంత దూరం పరుగెత్తి ఈ వేగాన్ని సంపాదిస్తుంది. నౌకపై ఆ అవకాశం లేదు. అందువలన విమానాలు బయలుదేరే వేళ నౌక గాలికి ఎదురుగా పూర్తి వేగంతో సాగుతుంది. నౌక 25 నాట్ల వేగంతో పోతున్నదంటే, పరుగు ప్రారంభించక మునుపే విమానానికి గంటకు 46 కిలోమీటర్ల గాలి లభించినట్లే. నౌక వేగం తగ్గితే విమానం మోయగల బరువు కూడ తగ్గుతుంది.

1971లో తొలి విక్రాంత్ నౌక ఈ సమస్యను ఎదుర్కొన్నది. బాయిలర్లలో పగుళ్లు ఏర్పడిన కారణంగా ఆవిరి పీడనాన్ని తగ్గించవలసి వచ్చింది. ఆ సంవత్సరం మొదట్లో జరిగిన పరీక్షలలో నౌక వేగాన్ని సుమారు 14 నాట్లకు పరిమితం చేశారు. దాని సీ హాక్ విమానాలు ఆవిరి యంత్రపు విసురుతో ఎగిరేవి కనుక, బాయిలర్ల బలహీనత ఆ విధంగాను ఆందోళన కలిగించింది. అయినప్పటికీ 1971 డిసెంబరు 4న విక్రాంత్ నుంచి లేచిన సీ హాక్‌లు కాక్స్ బజారుపై దాడి జరిపాయి. పిదప చిట్టగాంగ్‌పైన కూడ విరుచుకుపడ్డాయి. ఆ పోరాటంలో తూర్పు నౌకాదళానికి విశాఖపట్నమే ప్రధాన స్థావరం.

తిరిగి వచ్చే బరువు

సీ హారియర్ 1983లో మన నౌకాదళంలో చేరి 2016లో విరమించింది. దాని ఇంజను కలిగించే త్రోపుడు బలం సుమారు 9.75 టన్నులు. కనుక 11.9 టన్నుల పూర్తి బరువుతో అది నిట్టనిలువుగా లేవజాలదు. అందుకే విరాట్ నౌక ముందుభాగాన్ని 12 డిగ్రీల వాలుతో పైకి వంచారు. విమానం కొంత పరుగెత్తి, ఆ వాలుపై నుంచి గాలిలోకి దూకేది.

దిగుట మాత్రం నిలువుగానే. అప్పుడు రెక్కల సహాయం ఉండదు. మొత్తం బరువును ఇంజను ఒక్కటే మోయవలెను. ఖాళీ విమానం బరువే సుమారు 6.4 టన్నులు. మిగిలిన 3.35 టన్నులలో పైలట్, మిగులు ఇంధనం, ప్రయోగించని ఆయుధాలు, అదుపు కోసం కొంత అదనపు బలం అన్నీ ఇమడవలెను. వేడిగాలి పలుచగా ఉంటుంది గనుక ఉష్ణ ప్రాంతాలలో ఇంజను బలం మరింత తగ్గుతుంది. అట్టి సమయాన పైలట్ ముందు రెండే మార్గాలు: విలువైన ఆయుధాలను సముద్రంలో జారవిడవడం, లేదా మొదటనే తక్కువ ఆయుధాలతో బయలుదేరడం.

తేజస్ నేర్పిన పాఠం

బెంగుళూరులో రూపొందిన తేలిక యుద్ధ విమానం తేజస్ యొక్క నౌకాదళ నమూనా మరొక పద్ధతిని అనుసరించింది. అది వాలు డెక్‌పై నుంచి ఎగిరి, తోకవైపు కొక్కెంతో తీగను పట్టుకొని ఆగుతుంది. నౌకపై దిగే విమానం డెక్‌ను బలంగా తాకుతుంది. ఆ తాకిడిని తట్టుకొనుటకు చక్రాల కాళ్లను, దేహాన్ని దృఢపరచవలెను. ఈ విధంగా పెరిగిన ప్రతి కిలో బరువు ఇంధనం నుంచి గాని, ఆయుధాల నుంచి గాని తగ్గవలసిందే. దాని ఒకే ఇంజను, ఇంధనాన్ని అదనంగా మండించినప్పటికీ, సుమారు 8.6 టన్నుల బలమే ఇస్తుంది. తగినంత ఇంధనంతోను, ఆయుధాలతోను నౌకపై నుంచి ఎగరడానికి అది చాలదని 2016లో నౌకాదళం నిర్ణయించింది.

స్వదేశీ విమానాన్ని కాదనడం తేలికైన నిర్ణయం కాదు. కాని కాగితంపై అంకెలను నమ్మి పైలట్‌ను సముద్రం మీదికి పంపడం అంతకన్న ప్రమాదకరం. పరిశోధన మాత్రం ఆగలేదు. 2020 జనవరి 11న తేజస్ నమూనా విక్రమాదిత్య నౌకపై దిగి, మరునాడు దానిపై నుంచి ఎగిరింది. 2023 ఫిబ్రవరిలో కొచ్చిలో నిర్మితమైన నూతన విక్రాంత్‌పైన కూడ దిగింది. ఈ అనుభవం ఆధారంగానే రెండు ఇంజన్ల నౌకాదళ విమానానికి రూపకల్పన చేపట్టబడింది. అది సిద్ధమయ్యే లోపు అవసరాలకై 26 రఫేల్ నౌకాదళ విమానాల కొనుగోలుకు 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరింది.

యుద్ధ విమానం ప్రక్కన నిలిపిన ఫలకంపై గరిష్ఠ ఆయుధ భారం ఒక్క అంకెగా కనిపించినప్పుడు, ఆ బరువుతో ఎంత దూరం పోగలదు, ఎట్టి ఎండలో ఎగరగలదు, ఎంత భారంతో క్షేమంగా తిరిగి రాగలదు అని విద్యార్థులు ప్రశ్నించుకొనవలెను. విమానపు నిజమైన శక్తి ఈ సమాధానాలలోనే తెలియగలదు.