అమెరికాలో వదిలేసిన డబ్బు: మీ పేరు తిరగేసి కూడా వెతకండి!

నా బీటెక్ రూమ్మేట్ ఒకడు శాన్‌హోసేలో ఎంఎస్ చేసి, కొన్నాళ్లు జాబ్ చేసి హైదరాబాద్ వచ్చేశాడు. అపార్ట్‌మెంట్ డిపాజిట్ చెక్కేమో పాత అడ్రస్‌కి పోయింది. ఇక రాదులే అని వాడు వదిలేశాడు.

కానీ అలాంటి డబ్బుని అక్కడ ఎవరూ ఉంచేసుకోకూడదు. కాలిఫోర్నియాలో మామూలుగా 3 ఏళ్లు, జీతం డబ్బులైతే 1 ఏడాది ఎవరూ తీసుకోకపోతే స్టేట్ కంట్రోలర్ ఆఫీసుకి అప్పజెప్పాలి. అక్కడ మీ పేరు మీదే ఉంటుంది. క్లెయిమ్ చేయడానికి గడువు లేదు, ఫీజూ లేదు.

క్లెయిమ్‌ఇట్ డాట్ సీఏ డాట్ జీఓవీలో పేరు కొట్టడమే. అయితే మన పేర్లతోనే అసలు తంటా! మావాడికి మొదట ఏమీ రాలేదు. ఇంటిపేరు, పేరు తిరగేసి కొడితే 640 డాలర్లు కనిపించాయి! ఇంటిపేరు పూర్తిగా, ఒక్క అక్షరంతో, పేరు మధ్యలో స్పేస్‌తో, స్పేస్ లేకుండా... అన్నీ ట్రై చేయండి. మన పేర్లే ఉన్నవాళ్లు బోలెడుమంది కాబట్టి అడ్రస్ కూడా చూసుకోండి.

ఆ అడ్రస్‌లో ఉన్నట్టు ప్రూఫ్ కావాలి. పాత మెయిల్స్ గంటసేపు తవ్వితే వాడికి బ్యాంక్ స్టేట్‌మెంట్ దొరికింది.

‘మేం తెచ్చిపెడతాం’ అనే ఏజెంట్లు అక్కడ 10 శాతం మించి తీసుకోకూడదు. నన్నడిగితే ఆ పదీ దండగే. ముందే డబ్బు కట్టమంటే ఫోన్ కట్ చేసేయండి.

వేరే స్టేట్‌లో ఉన్నారా? మిస్సింగ్‌మనీ డాట్ కామ్‌లో చాలా రాష్ట్రాలవి ఒకేచోట వెతకొచ్చు.

మావాడి క్లెయిమ్ ఇంకా ప్రాసెస్‌లోనే ఉంది. వస్తే చెప్తా, పార్టీ నాకే!