ఆక్సిమీటరులో 98... మరి ఆయాసం ఎందుకు?

కొవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సిమీటరు ఇప్పటికీ చాలా ఇళ్లలో మందుల డబ్బాలో ఉంటోంది. ఎవరికి కాస్త ఆయాసం వచ్చినా, నీరసంగా అనిపించినా వెంటనే తీసి వేలికి తగిలిస్తాం. 98 అని కనిపిస్తే ‘ఆక్సిజన్ బాగానే ఉంది’ అని ఊరుకుంటాం. కానీ ఆ అంకె చెప్పేది సగం సంగతే. మిగతా సగం మీ పిల్లల హైస్కూలు జీవశాస్త్రం పుస్తకంలో ఉంది. శ్వాసక్రియ, రక్తప్రసరణ పాఠాలను పరీక్ష కోసమే కాకుండా ఇంటిల్లిపాది ఆరోగ్యం కోసం ఓసారి తిరగేస్తే ఎన్నో విషయాలు తేటతెల్లమవుతాయి.

గాలి పీల్చటం ఆరంభమే

శ్వాస అనగానే మనకు ముక్కు, ఊపిరితిత్తులే గుర్తుకొస్తాయి. నిజానికి అసలు శ్వాస జరిగేది కణాల్లో. మనం పీల్చే గాలిలో దాదాపు 21 శాతం ఆక్సిజన్ ఉంటే, వదిలే గాలిలో సుమారు 16 శాతమే ఉంటుంది. తగ్గిన ఆ కాస్త ఆక్సిజన్ ఊపిరితిత్తుల్లోని కోట్లాది వాయుగోణుల నుంచి రక్తంలోకి చేరుతుంది. అక్కడ ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ దాన్ని పట్టుకుంటుంది. గుండె ఆ రక్తాన్ని ఒంట్లోని మూలమూలకూ పంపిస్తుంది.

ఇక కణంలోకి అడుగుపెట్టాక ఆక్సిజన్ మైటోకాండ్రియాకు చేరుకుంటుంది. మనం తిన్న అన్నం నుంచి వచ్చిన గ్లూకోజ్ ఇక్కడే దశలవారీగా ‘మండి’ శక్తిగా మారుతుంది. ఆ శక్తిని కణాలు ఏటీపీ రూపంలో వాడుకుంటాయి. ఆక్సిజన్ లేకుండా ఒక గ్లూకోజ్ అణువు నుంచి దక్కేది కేవలం 2 ఏటీపీలు. ఆక్సిజన్ తోడైతే 30కి పైగా వస్తాయి. పరుగు పందెంలో కాలి కండరాలు కాసేపు ఆక్సిజన్ చాలకపోయినా నెట్టుకొస్తాయి గానీ, మెదడు అలా కాదు. ఒంటి బరువులో 2 శాతమే ఉన్నా, విశ్రాంతిలో మనం వాడే ఆక్సిజన్‌లో 20 శాతం దానికే కావాలి.

ఈ ఏటీపీతో మనకో అనుబంధం ఉంది. కండరాల్లో దీన్ని 1929లో తొలిసారి గుర్తించిన వారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పరిశోధన చేశారు.

సీట్లు నిండాయి సరే, బస్సులెన్ని?

హిమోగ్లోబిన్‌ను ఆర్టీసీ బస్సు అనుకోండి. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ను ఎక్కించుకొని కణాల దగ్గర దించుతుంది. ఆక్సిమీటరు చెప్పేది బస్సుల్లో నూటికి ఎన్ని సీట్లు నిండాయన్నది మాత్రమే. అసలు ఎన్ని బస్సులు తిరుగుతున్నాయో దానికి తెలియదు.

హిమోగ్లోబిన్ 15 గ్రాములున్న వ్యక్తిలో ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తం దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోసుకెళ్తుంది. హిమోగ్లోబిన్ అందులో సగానికి, అంటే 7.5 గ్రాములకు పడిపోతే మోసేది 10 మిల్లీలీటర్లే. అయినా ఇద్దరి వేళ్లకూ ఆక్సిమీటరు 98 అనే చూపిస్తుంది! ఊపిరితిత్తులు చక్కగా ఉన్నా కణాలకు మాత్రం ఆక్సిజన్ చాలదు. ఆ లోటు పూడ్చటానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. రెండు మెట్లెక్కితే దడ, ఆయాసం. పుస్తకం పట్టుకుంటే నిద్ర, ఏకాగ్రత కుదరకపోవటం.

అది బద్ధకం కాకపోవచ్చు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మనదేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో సుమారు 59 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. తిండికి లోటు లేని ఇళ్లూ ఇందుకు మినహాయింపు కాదు. ఎదిగే వయసులో ఇనుము ఎక్కువ కావాలి. నెలసరితో కొంత పోతుంటుంది. పైగా ఉదయం టిఫిన్ మానేయటం, మధ్యాహ్నం కాస్త పెరుగన్నంతో సరిపెట్టుకోవటం. ఇలాంటి అమ్మాయిని ‘ఎప్పుడు చూసినా పడుకునే ఉంటావు’ అని కసిరేముందు ఓసారి కనురెప్ప కిందికి లాగి లోపల పాలిపోయి ఉందేమో చూడండి. జుట్టు రాలుతోందా? బియ్యం, బలపాలు, ఐసుముక్కల వంటివి తినాలనిపిస్తోందా? నెలసరి ఏడు రోజులు దాటుతోందా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా? అడిగి తెలుసుకోండి.

కంటితో చూసి తేల్చుకోవటం మాత్రం సరికాదు. రక్తపరీక్ష (సీబీపీ) చేయిస్తే హిమోగ్లోబిన్ ఎంతుందో తెలిసిపోతుంది. 12 ఏళ్లు దాటిన అమ్మాయిలకు, మహిళలకు 12 గ్రాములు, గర్భిణులకు 11, పెద్దవయసు మగవారికి 13 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత ఉన్నట్టే. ఒంట్లో ఇనుము నిల్వలు తెలుసుకోవటానికి డాక్టర్లు ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించొచ్చు.

మాత్ర వేసుకునే తీరూ ముఖ్యమే

ప్రభుత్వ బడుల్లో వారానికోసారి ఇచ్చే నీలిరంగు మాత్రల్లో ఉండేది ఇనుము, ఫోలిక్ ఆమ్లం. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడూ సుబ్బారావుగారే.

* రక్తహీనత ఉందని తేలితే డాక్టరు చెప్పిన మోతాదులో మాత్రలు వాడాలి. వీటితో మలం నల్లగా రావటం మామూలే, భయపడొద్దు. కడుపులో వికారంగా ఉంటే మానేయకుండా డాక్టరుకు చెబితే మందు మారుస్తారు.
* హిమోగ్లోబిన్ పెరిగింది కదాని వెంటనే ఆపొద్దు. నిల్వలు నిండటానికి సాధారణంగా మరో మూడు నెలలు వాడాల్సి ఉంటుంది.
* టీ, కాఫీలు ఇనుమును ఒంటికి పట్టనీయవు. భోజనానికి, మాత్రకు గంట ముందూ వెనకా వాటికి దూరంగా ఉండాలి. పప్పు, ఆకుకూరల్లో నిమ్మరసం పిండుకుంటే అందులోని విటమిన్ సి వల్ల ఇనుము బాగా ఒంటబడుతుంది. మాంసాహారులకు మాంసం, కాలేయం మంచివి.
* రక్తహీనతలన్నీ ఇనుము లోపంతోనే రావు. శాకాహారుల్లో విటమిన్ బి12 లోపం, కొందరిలో పుట్టుకతో వచ్చే తలసీమియా, పిల్లల్లో కొంకిపురుగులు కూడా కారణం కావొచ్చు. కాబట్టి పరీక్ష లేకుండా సొంతంగా మాత్రలు మొదలెట్టొద్దు.
* మగవారిలో, నెలసరి ఆగిపోయిన మహిళల్లో ఇనుము తగ్గితే లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో వెతకాలి. కడుపులో పుండు, మొలల దగ్గర్నుంచి పెద్దపేగు క్యాన్సర్ వరకూ దేనికైనా ఇదే తొలి సంకేతం కావొచ్చు.

దిగని ప్రయాణికుడు

ఆక్సిమీటరును మోసం చేసేది మరొకటుంది. అది కార్బన్ మోనాక్సైడ్. మూసి ఉన్న బాత్రూములో గ్యాస్ గీజర్ వెలిగినా, చలికాలం తలుపులన్నీ వేసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా ఈ వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. సీట్లో కూర్చుని దిగనే దిగని ప్రయాణికుడన్నమాట! మామూలు ఆక్సిమీటరు దీన్ని కూడా ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది. మనిషి ప్రాణాపాయంలో ఉన్నా అంకె బాగానే కనిపిస్తుంది.

స్నానానికి వెళ్లినవారు తలనొప్పి, తలతిరుగుడు, వికారం అంటే ‘వేడికి అలా అయ్యింది’ అనుకోవద్దు. పిలిస్తే పలక్కపోతే తలుపు తెరిచి, వెంటనే బయటి గాలిలోకి తీసుకురావాలి. గ్యాస్ కట్టేసి 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో గీజర్ సంగతి తప్పకుండా చెప్పండి. రక్తపరీక్షతో నిర్ధారించి, స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడతారు. అసలు గ్యాస్ గీజర్‌ను బాత్రూము బయట, గాలి ఆడేచోట, పొగ బయటికి పోయే గొట్టంతో బిగించుకోవటమే మేలు.

వీటిని తాత్సారం చేయొద్దు

ఆక్సిమీటరు అంకె తగ్గితే తప్పకుండా డాక్టరును కలవాలి. అంకె బాగున్నంత మాత్రాన ధీమా పడకూడదు. బస్సులు నిండుగా ఉన్నా వాటిని నడిపించే గుండె బలహీనపడితే ఆక్సిజన్ సమయానికి చేరదు. అందుకే...

* ఛాతీలో నొప్పి, బిగపట్టినట్టుండటం, చెమటలతో ఆయాసం, స్పృహ తప్పటం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
* పడుకుంటే ఆయాసం ఎక్కువై లేచి కూర్చోవాల్సి వస్తున్నా, కాళ్లు వాస్తున్నా గుండె పరీక్షలు అవసరం.
* రెండు మూడు వారాలుగా నీరసం తగ్గకపోతే సీబీపీ చేయించుకోవాలి. థైరాయిడ్, మధుమేహ పరీక్షలూ అవసరమా అన్నది డాక్టరు చెబుతారు.

ముక్కు నుంచి మైటోకాండ్రియా దాకా ఆక్సిజన్ దారిలో మజిలీలెన్నో. వేలికి పెట్టే పరికరం చూసేది వాటిలో ఒక్కదాన్నే. ఈసారి మీ అబ్బాయో అమ్మాయో శ్వాసక్రియ పాఠం చదువుతుంటే పక్కన కూర్చుని ఆ బొమ్మ చూడండి. ఒంట్లో నీరసానికి మూలం ఏ మజిలీలో ఉండొచ్చో, డాక్టరును ఏం అడగాలో మీకే తెలుస్తుంది.