తల లేని క్యాబేజీ

కేల్‌ను సీమ వింతగా చూసేవాళ్లకు ముందు దాని ఇంటిపేరు చెప్పాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్, కేల్: వృక్షశాస్త్రం లెక్కలో అన్నీ ఒకే జాతి, బ్రాసికా ఒలరేసియా. ఒకదాంట్లో ఆకులు ముడుచుకుని గడ్డ కట్టాయి, ఒకదాంట్లో పూగుత్తి ఉబ్బింది, ఇంకోదాంట్లో కాండం లావెక్కింది. కేల్ ఇవేవీ పెట్టుకోకుండా ఆకులు వేసుకుంటూ పోయింది. కాశ్మీరీలు పెరట్లో పెంచుకునే హాక్ దీనికి దగ్గరి చుట్టమే. అక్కడ దాన్ని సూపర్‌ఫుడ్ అనరు, అన్నంలోకి కూర అంటారు.

హైదరాబాద్ మిద్దె మీద పెంచాలంటే ఎరువు కంటే ముందు క్యాలెండర్ చూసుకోవాలి. కేల్‌కు 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం హాయి. అందుకే అక్టోబరులో నారు పోసి, నెల తిరిగేసరికి అడుగు వెడల్పు కుండీకి ఒక్కో మొక్క నాటాలి. ఒక్కటేనా అని మనసు పీకుతుంది. పీకనివ్వండి. ఆరేడు వారాలకు కోత మొదలు. కింది ఆకులే తుంచాలి, కొసన ఉన్న మొగ్గను ముట్టుకోకూడదు.

గడ్డకట్టే చలి ఉన్న దేశాల్లో కేల్ తియ్యగా మారుతుంది. కణాల్లో నీరు గడ్డకట్టకుండా మొక్క తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. మన చలికి అంత పట్టు లేదు. మార్చి ఎండ తగలగానే ఆకు చేదెక్కి, తోలులా బిరుసెక్కుతుంది. ఇక పీకేయడమే. విత్తనం కట్టుకుందామన్నా కుదరదు, పూతకు వారాల తరబడి గట్టి చలి కావాలి. ఏటా కొనాల్సిందే. ఇందులో విత్తన కంపెనీల కుట్రేమీ లేదు.

మనకంటే ముందు కేల్ రుచి మరిగేవి పేనుబంక, డైమండ్ రెక్కల పురుగు. ముడతల ఆకు రకమైతే పేనుబంకకు మేడ కట్టిచ్చినట్టే. రోజూ ఆకు తిరగేసి చూడాలి, కనిపిస్తే నీళ్లతో గట్టిగా కొట్టాలి. అప్పటికీ పోకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లాలి. క్యాబేజీ రైతులు 25 వరుసలకు రెండు వరుసల ఆవాలు ఎర పంటగా వేస్తారు. మనకు పక్క కుండీలో పోపులపెట్టె ఆవాలు నాలుగు చల్లితే సరి. ఆ కుండీ మీద మాత్రం ఆశ వదులుకోండి.

ఇంత తిప్పలకు ఫలం? పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి, ఒంటికి అందేది కొంచెమే. కేల్‌లో ఆ బెడద తక్కువ. మధ్య ఈనె తీసేసి, సన్నగా తరిగి, కందిపప్పులో వేయండి. ఇదేం ఆకని ఇంట్లో అడిగితే క్యాబేజీ అనండి. అబద్ధమేం కాదు.