ఆర్కిటెక్ట్ కొలువంటే ఉత్త బొమ్మలేసుడు గాదు

ఆర్కిటెక్ట్ అంటే మన దిక్కు చానామందికి ఇంటి బొమ్మ గీసేటాయన. ఇన్‌స్టాల రీల్స్ జూసినా గట్లనే అనిపిస్తది: ఏసీ ఆఫీసు, ల్యాప్‌టాప్, తిరుగుతున్న త్రీడీ బంగ్ల. ఐదేండ్ల బీఆర్క్ జేసి కొత్తగ కొలువుల చేరినోళ్ల దినం వేరే ఉంటది. బంగ్ల ఎట్లుండాల్నో పెద్ద సారు చెప్తడు. కొత్తోళ్లకు దొరికేది దిద్దుడు పని.

దిద్దుడంటే ఏందో లెక్కతోని చెప్తే సమజైతది. అంతస్తు ఎత్తు 10 ఫీట్లు, మెట్టు ఎత్తు 6 ఇంచులు అనుకోండ్రి. 20 మెట్లు పడ్తయి. ప్లాన్ అంత అయినంక ఇంటి ఓనరు ఫోన్ జేసి 'ఇంకో ఫీటు పెంచుండ్రి, సల్లగుంటది' అంటడు. ఆయనకు ఒక్క మాట. ఇక్కడ మెట్లు 22 అయితయి. నడుమల మలుపున్న మెట్లయితే ఒక్కో వరుసకు ఒక మెట్టు పెరుగుతది, అంటే ఇంకో 10 ఇంచుల జాగ కావాలె. యాడికెల్లి తేవాలె? పక్కన దేవునర్ర గోడ జరపాలె. గోడ జరిగితే బీమ్ సంగతేందని స్ట్రక్చరల్ ఇంజినీరును అడగాలె. ప్లాన్, సెక్షన్, కరెంటు డ్రాయింగ్, నల్లా పైపుల డ్రాయింగ్, అన్నిట్ల మార్చాలె. ఒక్కదాంట్ల మర్సిపోతే సైట్ల మేస్త్రి పాత కాయితం పట్టుకొని కట్టేస్తడు. రాత్రి తొమ్మిదైనా పిల్లలు ఆఫీసుల ఎందుకుంటరంటే చానసార్లు గిందుకే.

ఇగ సైటు. ముగ్గు పోసిన్నాడు మూలమట్టం సరిజూడాలె. ఒక దిక్కు 3 ఫీట్లు, ఇంకో దిక్కు 4 ఫీట్లు కొలిస్తే అడ్డంగ 5 రావాలె. బడిల పైథాగరస్ అని చదివిందే, మేస్త్రికి చదవకుంటనే తెలుసు. స్లాబు పోసే ముంగట సలాక, పైపులు అన్నీ జూడాలె, పోసినంక పగలగొట్టుడే దిక్కు. ఇరవై మూడేండ్ల పిల్ల పోయి 'గీ కిటికీ తప్పు జాగల వెట్టిన్రు' అంటే, 'ముప్పై ఏండ్లసంది కడ్తున్న మేడం' అంటడాయన. ఆయన దగ్గర నేర్సుకునేది మస్తుంటది, అయినా కిటికీ జరపాల్సిందే. గీడ ఊరి పిల్లలకు జర ఆసరా ఉంది. మేస్త్రితోని ఎట్ల మాట్లాడాల్నో వాళ్లకు ఎవలూ నేర్పాల్సిన పనిలే.

జీతం ముచ్చట దాచొద్దు. మొదటి రెండు మూడేండ్లు తక్కువనే. సాఫ్ట్‌వేర్ల చేరిన దోస్తుతోని పోల్సుకుంటే బాధయితది. దీని ఎనుక చట్టం కథ గూడ ఉంది. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ల పేరు నమోదైనోళ్లే ఆర్కిటెక్ట్ అని రాసుకోవాలె. అయితే ఆ చట్టం కాపాడేది పేరునే, డిజైన్ పనిని మిగతావాళ్లు చెయ్యొద్దని గాదని 2020ల సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఐదేండ్లు చదివినోళ్లు, మండల కేంద్రంల జిరాక్స్ షాపు పక్కన ప్లాన్ గీసిచ్చేటాయన ఒకే గిరాకీ కోసం పోటీ వడ్తరు. మన ఊర్లల్ల గెలిచేది ఎక్కువ ఆయననే. ప్లానుకు పైసలెందుకని అడిగే ఓనర్లే, తర్వాత గాలి ఆడక ఏసీ పెట్టిచ్చుకుంటరు.

గిది చదివి ఎనుకకు పోవద్దు. ఇంటర్ల మ్యాథ్స్ ఉండి, గీసుడు ఇష్టమైతే నాటా రాయుండ్రి, ఎన్ఐటీలు, విజయవాడ ఎస్పీఏ కావాల్నంటే జేఈఈ మెయిన్ల రెండో పేపర్ రాయుండ్రి. రేపు కొలువుల చేరెటప్పుడు మాత్రం సిగ్గువడకుంట అడగండ్రి: నన్ను సైటుకు పంపుతరా, కంప్యూటర్ ముంగటనే కూసవెడ్తరా? రాత్రి ఆగితే లెక్క ఉంటదా? సైటుకు పోయొచ్చే పెట్రోల్ పైసలు ఎవలిస్తరు?