మార్గద్వయము

వ్యాపారసంస్థ తన కార్యాలయమునకు రెండు కంపెనీలనుండి రెండు ఇంటర్నెట్ లైన్లు తీసికొన్నంతమాత్రమున నిశ్చింతగా నుండవచ్చునని తలచుట నేడు సర్వసాధారణము. కాని, ఆ రెండు ఫైబర్లును ఒకే రోడ్డు ప్రక్కన ఒకే గోతిలోనుండి వచ్చుచున్నచో, మంచినీటి గొట్టముకొఱకు త్రవ్వుచున్న జె.సి.బి. ఒక్క వేటుతో రెండింటిని త్రెంచివేయగలదు. 2008 డిసెంబరు 19వ తేదీన మధ్యధరా సముద్రమున జరిగినది ఇట్టిదే: సిసిలీకిని ఈజిప్టునకును నడుమ సీ-మీ-వీ 3, సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అను మూడు మహాకేబుళ్లు, పేర్లు వేరైనను మార్గములు సన్నిహితములగుటచేత, ఒకే ఉదయమున తెగిపోగా, ఐరోపాతో మన దేశమునకు గల సంబంధము మిక్కిలి దెబ్బతినెను.

కావున రెండవ లైను ఏ వీధిగుండ వచ్చునో, ఏ ఎక్స్ఛేంజిని చేరునో పటము చూపుమని అడుగుట, ధర అడుగుటకంటె ముఖ్యమని నా దృఢాభిప్రాయము. రెండవ కంపెనీ మొదటి కంపెనీ ఫైబరునే అద్దెకు తీసికొనుటయు కలదు. ఒకటి ఫైబరు, మఱియొకటి 5జీ అయినచో మేలే. అయినను ఆ 5జీ టవరును చేరు ఫైబరు ఏదియో విచారింపవలెను. రెండు లైన్లును ఒకే రౌటరులో, ఒకే యూపీఎస్ క్రింద ముగిసినచో, వీధిలో సంపాదించిన వైవిధ్యము గదిలో నశించును.

లైను తెగినదని తెలిసికొనుట తోచినంత సులభము కాదు. గోడనున్న పెట్టెలో దీపము వెలుగుచునే యుండును, ఎక్స్ఛేంజి వఱకు సమస్తము సవ్యముగనే యుండును, దాని కావల కేబులు తెగియుండును. అందుచేత రౌటరు తన ప్రక్కనున్న పరికరముతో తృప్తిపడక, దూరమున వేర్వేరు చోట్లగల సర్వర్లను తఱచుగా పలుకరించునట్లును, వరుసగా పలుమారులు బదులు రానపుడే దారి మార్చునట్లును అమర్పవలెను. ఒక్క పిలుపు తప్పినంతనే మార్చినచో రాకపోకలు ఊగిసలాడుచుండును.

దారి మారినపుడు ఐ.పి. చిరునామాయు మారును గనుక, నడుచుచున్న కాల్స్, వీపీఎన్ సంబంధములు తెగును. కార్యాలయముననే సర్వరు నడుపువారిని బయటివారు పాతచోటనే వెదకుదురు. ఇట్టివారికి, నెట్‌వర్కులు తమ మార్గములను పరస్పరము తెలుపుకొనుటకై 1989లో రూపొందిన బి.జి.పి. అను పద్ధతి శరణ్యము. సొంత నెట్‌వర్కు సంఖ్యను, కనీసము 256 చిరునామాల సముదాయమును సంపాదించి, రెండు కంపెనీల ద్వారమునను ప్రకటించినచో, ఒక మార్గము మాయమైనపుడు ప్రపంచమందలి రౌటర్లు రెండవదానికి మరలును. చిన్న దుకాణమునకు ఇంత ప్రయాస అనావశ్యకము.

అందఱికిని ఆవశ్యకమైనది పరీక్ష. మూడు నెలలకొకసారి, పనివేళ, అందఱికిని ముందుగా చెప్పి మొదటి లైనును చేతితో ఊడదీసి, కార్డు యంత్రము, ఫోను, బిల్లింగు వీనిలో ఏది ఆగినదో, రెండవ లైను ఆ భారమును మోయగలిగినదో వ్రాసికొనవలెను. పిదప మొదటి లైనును తగిలించి, రౌటరు తనంతట దానికి మరలినదో లేదో కూడ చూడవలెను.