వృద్ధాప్య పింఛను, వైద్యం: పార్టీల మాటను తూచి చూడడం ఎట్లా?



సర్కారు ఉద్యోగికి పదవీ విరమణ ఫలానా తేదీన అని ముందే తెలుస్తుంది. సేద్యం చేసేవానికి అటువంటి తేదీ లేదు. ఒళ్ళు సహకరించినన్నాళ్ళు పొలం, ఆపైన పిల్లల చేతికింద బ్రతుకు. అంచేతనే ఎన్నికలు వచ్చినప్పుడల్లా పింఛను మాట ఊరూరా వినపడుతుంది. ఏ పార్టీ ఎంత ఇస్తానన్నదో మనకు నోటికే వస్తుంది. అయితే ఆ ఒక్క అంకె చూస్తే చాలదు. డబ్బు ఎవరి ఖజానాది? ఏ వయసుకు? ఎవరికి? ఎప్పటినుంచి? ఈ నాలుగూ అడగాలి. సంచి మీది బొమ్మ చూసి విత్తనం కొనము గదా!

ముందు ఖజానా సంగతి. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు దాని వాటా నెలకు 75 రూపాయలు. తరువాత 200 అయింది. 2011లో 80 ఏళ్ళు నిండినవారికి 500 చేశారు. తక్కినవారికి 2024 ఎన్నికల నాటికి కూడా ఆ 200 దగ్గరే నిలిచి ఉన్నది. ఆ ఎన్నికలలో కాంగ్రెసు పార్టీ ఈ వాటాను 1,000 చేస్తామన్నది. భారతీయ జనతా పార్టీ 70 ఏళ్ళు దాటినవారికి ఉచిత వైద్యం అన్నది. కేంద్రం వాటా పోగా మిగిలిన భారం రాష్ట్రానిదే.

ఇక వయసు, గడువు. తెలంగాణలో 2018 ఎన్నికలప్పుడు తెలంగాణ రాష్ట్ర సమితి పింఛనును 2,016 చేస్తామని, అర్హత వయసును 65 నుంచి 57కు దించుతామని చెప్పింది. డబ్బు 2019లోనే పెరిగింది. వయసు తగ్గింపు మాత్రం 2022 ఆగస్టులో గాని అమలు కాలేదు. మధ్య వయసువారికి ఆ మూడేళ్ళూ పెరిగిన పింఛను పేపర్లో వార్తే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు ప్రభుత్వం వయసును 65 నుంచి 60కి వెంటనే దించింది. 3,000 మాత్రం 2,250తో మొదలై, మెట్టు మెట్టుగా 2024 జనవరికి పూర్తి అయింది. తెలుగుదేశం కూటమి చెప్పిన 4,000, ఏప్రిల్ నుంచి బకాయితో కలిపి, 2024 జూలై 1న అందింది.

అర్హత రైతుకు మరీ ముఖ్యం. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులో మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు అని హద్దు పెట్టారు. భూమి పాసుపుస్తకంలో ఎవరి పేర ఉన్నదో, ఎంత ఉన్నదో సరిచూసుకోవడం అందుకే అవసరం.

వైద్యం సంగతి చూద్దాం. 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ భారత్‌లో 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స ఇస్తున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరు వృద్ధులుంటే ఆ మొత్తాన్ని పంచుకోవాలి. అయితే ఇది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు. రక్తపోటుకు, చక్కెర జబ్బుకు నెల నెలా కొనే మాత్రలకు కాదు. ఊళ్ళో ముసలివారి పింఛనులో పెద్ద భాగం వెళ్ళేది అక్కడికే. అభ్యర్థి వస్తే, "ఆపరేషను సరేనండీ, మాత్రల మాటేమిటి?" అని అడగండి.

వయసులో ఉన్నవారికి కూడా ఒక మాట. 2019 సెప్టెంబరులో మొదలైన కిసాన్ మాన్‌ధన్ పథకంలో 5 ఎకరాల లోపు రైతు 18 నుంచి 40 ఏళ్ళ మధ్య చేరవచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 కడితే, అంతే సొమ్ము కేంద్రం కలుపుతుంది. 60 ఏళ్ళు నిండాక నెలకు 3,000 వస్తుంది. కాని అది మారని అంకె. 18 ఏళ్ళ కుర్రవానికి అది చేతికందేది 42 ఏళ్ళకు. అప్పటి ధరల్లో దాని విలువెంతో ఆలోచించుకుని మరీ చేరాలి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఏ పార్టీ మంచిదో చెప్పడం మన పని కాదు. రచ్చబండ దగ్గర కూర్చుని, ఎవరికి ఏ పథకం వర్తిస్తుందో ఉత్తర్వు చదివి వినిపించండి. చదువు రాని ముసలివారి చేత దరఖాస్తు పెట్టించండి. వాగ్దానం నెరవేరిందా లేదా అన్నది రైతు తానే తేల్చుకుంటాడు.