సముద్రం లేని ఊళ్లో ఆల్చిప్ప: బురదలో దాక్కునే భారలోహాల కథ

ఈరోజు ఎపిసోడ్‌ను ఒక చిన్న వస్తువుతో మొదలుపెడతాను. ఇదిగో, నా చేతిలో ఉంది చూడండి. ఆల్చిప్ప. మధ్యలో బెజ్జం కనబడుతోందా? మా అవ్వ దీన్ని బండ మీద అరగదీసి ఆ బెజ్జం చేసింది. ఎండాకాలంలో పచ్చి మామిడికాయ చెక్కు తీయాలంటే మా ఇంట్లో ఇదే పీలర్. మీలో చాలామంది ఇళ్లల్లో కూడా ఉండే ఉంటుంది, అడిగి చూడండి.

ఇది ఏ వైజాగ్ బీచ్‌లోనో ఏరుకొచ్చింది కాదు. మా ధర్మవరం చెరువులోది. ఆల్చిప్పలు సముద్రంలోనే ఉంటాయని చిన్నప్పుడు బళ్లో చదువుకుని, ఇంటికొచ్చి అవ్వను అడిగితే నవ్వింది. "చెరువెండితే బురదలో ఎన్ని దొరుకుతాయో పోయి చూడుపో" అంది.

సరే, ఈ ఆల్చిప్పకీ మనకీ ఏంటి సంబంధం? నదులు సముద్రంలో కలిసే చోట బురదలో భారలోహాలు చేరుతున్నాయి, అక్కడి ఆల్చిప్పల్లో, గుల్లల్లో విషం ఉంటోంది అని వార్తలు వస్తుంటాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్లం మనం వాటిని స్క్రోల్ చేసి వెళ్లిపోతాం. మనకు సముద్రం ఎక్కడుంది అనుకుంటాం. ఆ వార్త మనది కూడా ఎందుకవుతుందో చెప్తాను, చివరిదాకా వినండి.

ముందు భారలోహాలు అంటే ఏంటో చూద్దాం. సీసం, పాదరసం, కాడ్మియం, క్రోమియం, ఇలాంటివి. ఆర్సెనిక్‌ను కూడా ఈ లిస్టులోనే వేస్తారు. ఇనుము, జింక్, రాగి మన ఒంటికి కొద్దికొద్దిగా కావాలి. సీసం, పాదరసం, కాడ్మియం మాత్రం ఒంట్లో ఏ పనికీ రావు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాడ్మియం కిడ్నీలను, ఎముకలను పాడుచేస్తుంది. పాదరసం నరాల మీద పడుతుంది.

ఇక్కడ అసలు పాయింట్ ఒకటుంది. వంటింటి చెత్త కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. మురుగులోని చాలా భాగాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి. లోహం అలా కాదు. అది మూలకం. కుళ్లదు, కాలి మాయం కాదు, ఏ బ్యాక్టీరియా దాన్ని తిని లేకుండా చేయలేదు. రూపం మార్చుకుంటుంది, చోటు మార్చుకుంటుంది, అంతే.

మరి నీళ్లల్లో పడిన లోహం ఎక్కడికి పోతుంది? ఎక్కువ భాగం సన్నటి బంకమట్టి రేణువులకు అంటుకుంటుంది. నీళ్లు వేగంగా పారేటప్పుడు ఆ మట్టి కొట్టుకుపోతుంది. నది సముద్రంలో కలిసే చోట, తీరం వాళ్లు మొగ అంటారు, అక్కడ రెండు సంగతులు జరుగుతాయి. ఒకటి, నీటి వేగం తగ్గుతుంది. రెండు, మంచినీళ్లకు ఉప్పునీళ్లు తగలగానే బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డలు కడతాయి. పాలల్లో నిమ్మరసం పిండితే విరుగుతాయి కదా, దాదాపు అలాంటిదే. ఆ గడ్డలు అడుగుకు దిగిపోతాయి, వాటితోపాటు లోహం కూడా. అందుకే మొగ దగ్గర పైన నీళ్లను పరీక్షిస్తే బాగానే ఉన్నట్టు అనిపించొచ్చు, కింద బురదను పరీక్షిస్తే వేరే కథ బయటపడుతుంది.

ఆ బురదలో బతికేదే మన ఆల్చిప్ప. అది వేటకు పోదు. కూర్చున్న చోటే నోరు తెరిచి నీళ్లు లోపలికి లాక్కుంటుంది, అందులోని నాచును, సన్నటి తిండి రేణువులను మొప్పలతో వడగట్టుకుని నీళ్లు బయటికి వదులుతుంది. రోజంతా ఇదే పని. నీళ్లల్లో ఉన్న లోహం చిటికెడే కావొచ్చు, కానీ అదే పనిగా వడగడుతూ ఉంటే ఒంట్లో పోగుపడుతూ పోతుంది. పైగా ఇది ఊరు మారదు. అందుకే 1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆల్చిప్పలను కోసి చూస్తే తీరంలో ఏ చోట ఎంత కాలుష్యం ఉందో చెప్పొచ్చు అన్నాడు. దానికి మసెల్ వాచ్ అని పేరు. అమెరికా ప్రభుత్వం 1986 నుంచి దేశం మొత్తం మీద ఆ పని చేస్తోంది. అంటే ఆల్చిప్ప ఒక సీసీ కెమెరా లాంటిదన్నమాట. ఒకే చోట ఉండి అన్నీ రికార్డు చేస్తుంది.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో ప్రపంచానికి చూపించిన ఊరు జపాన్‌లోని మినమాటా. అక్కడ చిస్సో అనే కంపెనీ ఫ్యాక్టరీ 1932 నుంచి 1968 దాకా ఒక రసాయనం తయారీలో పాదరసం వాడింది. వ్యర్థాలను సముద్రపు పాయలోకి వదిలింది. చేపల్లో, ఆల్చిప్పల్లో పాదరసం చేరింది. మొదట పిల్లులకు పిచ్చెక్కినట్టు అయింది, గింగిరాలు తిరిగి చచ్చిపోయేవి. తర్వాత మనుషులకు వచ్చింది. చేతులు వణకడం, మాట తడబడటం, చూపు తగ్గిపోవడం. 1956 మే 1న ఈ జబ్బును అధికారికంగా గుర్తించారు. తల్లికి పెద్దగా లక్షణాలు లేకపోయినా కడుపులోని బిడ్డకు జబ్బు వచ్చిన కేసులు ఉన్నాయి. 2,200 మందికి పైగా బాధితులుగా ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. వాళ్లలో చాలామంది చనిపోయారు.

ఇక్కడ ఒక మలుపు గమనించండి. 1958లో ఆ ఫ్యాక్టరీ వ్యర్థాల పైపును పాత చోటు నుంచి తీసేసి మినమాటా నది మొగలోకి తిప్పింది. ఏమైంది? కొత్త ఊళ్లల్లో కొత్త రోగులు బయటపడ్డారు. పైపు మారితే జబ్బు పోలేదు, చోటు మార్చుకుంది. పాత కాలువ నోటి దగ్గర బురదను పరీక్షిస్తే టన్నుకు 2 కిలోల పాదరసం ఉంది. అమ్ముకోవచ్చు అన్నంత. ఆ బురదను తవ్వి, కొంత భాగాన్ని పూడ్చి శుభ్రం చేసే పని 1977లో మొదలై 1990 దాకా సాగింది. పాయ సురక్షితం అని ప్రకటించింది 1997లో. జబ్బు గుర్తించాక 41 ఏళ్లకు.

జపాన్ దూరం అనుకుంటున్నారా? మన రాష్ట్రానికే వద్దాం. విశాఖ లోపలి హార్బర్ మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఉంది. చుట్టూ పరిశ్రమలు, పక్కనే నగరం మురుగు. శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఆ అడుగు బురదను పరీక్షిస్తున్నారు. సీసం, జింక్, రాగి, కాడ్మియం లాంటివి బయటి సముద్రంలో కంటే లోపలి హార్బర్‌లో ఎక్కువగా ఉన్నాయని చెప్తూనే ఉన్నారు.

ఇక సముద్రం లేని చోట? హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు. 1970ల నుంచి అక్కడ పరిశ్రమలు వచ్చాయి. వాటి వ్యర్థాలు నక్కవాగులో పడి, మంజీర వైపు పారాయి. పొలాలు పాడయ్యాయని రైతులు గొడవ చేశారు, కేసు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు ఆ నేలల్లో క్రోమియం, సీసం, ఆర్సెనిక్ లాంటివి మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. తర్వాత ఏం చేశారు? శుద్ధి చేసిన నీళ్లను అంబర్‌పేట వైపు, అంటే మూసీ వైపు పంపడానికి సుమారు 18 కిలోమీటర్ల పైపు వేశారు. మూసీ కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మినమాటా పైపు గుర్తొచ్చిందా?

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. పెన్న కర్ణాటకలోని నంది కొండల దగ్గర పుట్టి హిందూపురం వైపు నుంచి మన రాష్ట్రంలోకి వస్తుంది. చిత్రావతి కూడా ఆ ప్రాంతంలోనే పుట్టి పుట్టపర్తి మీదుగా ధర్మవరం వైపు వస్తుంది. పెనుకొండ ఈ రెండు నదుల మధ్యలో ఉంటుంది. చిత్రావతి కడప జిల్లాలో పెన్నలో కలిస్తే, పెన్న నెల్లూరు జిల్లాలో ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్ల నది. అంటే నెల్లూరు మొగకు మనం తల దగ్గర ఉన్నాం. మనం కాలువలో పోసింది వాళ్ల వైపు పోవాల్సిందే.

"మన ఏట్లో నీళ్లెక్కడున్నాయి, ఏడాదంతా ఇసుకే కదా" అంటారు. కరెక్టే. కానీ 2021 నవంబర్ గుర్తుందా? చిత్రావతి పొంగి, వరదలో చిక్కుకున్న మనుషులను కాపాడటానికి ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ రావాల్సి వచ్చింది. అదే వారం కింద పెన్న నెల్లూరును ముంచేసింది. ఏళ్లతరబడి వంకల్లో, కాలువల్లో పేరుకున్న మట్టి అలాంటి ఒక్క వరదకే కదిలిపోతుంది.

మిగతా సంవత్సరాల్లో ఏమవుతుంది? సముద్రం దాకా పోదు. మన చెరువుల్లోనే ఆగుతుంది. చెరువులో కూడా నీళ్లు నిలుస్తాయి, సన్నమట్టి అడుగుకు దిగుతుంది. ఉప్పు ఒక్కటే లేదు గానీ, పని మాత్రం మొగ చేసే పనే. కాబట్టి సముద్రం లేని మనకు ప్రతి చెరువూ ఒక చిన్న మొగ. మా అవ్వ ఆల్చిప్ప అందులోంచే వచ్చింది.

ఒక్క మాట క్లియర్‌గా చెప్తున్నా. ఫలానా చెరువు విషం అని నేను అనట్లేదు, ఎవరి మీదా నింద వేయట్లేదు. లోహం రాగల దారులు మన మధ్య ఉన్నాయి అంటున్నా. మా మామ పట్టునూలు అద్దకం పని చేసేవాడు. రంగు బాన వంచితే కాలువ ఎర్రగా పారేది. మేం పిల్లలం దాన్ని చూసి సంబరపడేవాళ్లం. అద్దకం రంగులన్నింటిలో లోహం ఉండదు. కానీ మెటల్ కాంప్లెక్స్ డైలు అని ఒక రకం ఉంది, వాటిలో క్రోమియం, కోబాల్ట్ లాంటివి ఉంటాయి. రంగు కంటికి కనబడుతుంది, నాలుగు రోజుల్లో పోతుంది. లోహం కనబడదు, ఉండిపోతుంది. పాత బండి బ్యాటరీల్లో సీసం, ట్యూబ్‌లైట్లలో పాదరసం, మన ఫోన్ బ్యాటరీల్లో కోబాల్ట్. వినాయకుడి బొమ్మలకు వేసే కొన్ని రసాయన రంగుల్లో కూడా సీసం, క్రోమియం ఉంటాయి. నిమజ్జనం చేసేది చెరువులోనే కదా.

ఇప్పుడు అసలు భయం ఎక్కడుందో చెప్తాను. మన దగ్గర చెరువెండితే పూడిక మట్టి తోలుతారు. ట్రాక్టర్లు వరసగా నిలబడతాయి. ఆ మట్టి పొలానికి బంగారం, ఎర్రనేల తేమ పట్టుకుంటుంది, చెరువు లోతవుతుంది. ఇది మంచి పని, ఆపమని నేను అనను. కానీ పరిశ్రమల కాలువ, అద్దకం కాలువ, ఊరి మురుగు కలిసే చెరువు అయితే? ఆ మట్టి నేరుగా పొలంలోకి పోతుంది. జపాన్‌లోనే జింజూ నది పక్కన, గని నుంచి వచ్చిన కాడ్మియం వరిపొలాల్లోకి చేరి, ఆ బియ్యం తిన్నవాళ్ల ఎముకలు విరిగిపోయాయి. 'ఇటాయ్ ఇటాయ్' జబ్బు అంటారు. నొప్పి నొప్పి అని అర్థం.

"మా దగ్గర సాయిల్ హెల్త్ కార్డు ఉంది" అంటారేమో. ఆ కార్డులో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, జింక్, ఇనుము, ఉదజని సూచిక లాంటివి. సీసం, కాడ్మియం, క్రోమియం అందులో లేవు. ఇంట్లో నీళ్లకు పెట్టే టీడీఎస్ మీటర్ కూడా అంతే. అది మొత్తం లవణాలను చెప్తుంది, సీసం ఉందో లేదో చెప్పదు. తాగేనీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన బీఐఎస్ ప్రమాణం. అంత చిన్న లెక్క ఆ మీటర్‌కు అందదు. ఇంకో సంగతి, నీళ్లు మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, లోహం పోదు. చేపను ఎంతసేపు ఉడికించినా పాదరసం పోదు.

మరి మనం ఏం చేయొచ్చు? నాలుగు పనులు చెప్తా.

ఒకటి, పాడైన ఫోన్, బ్యాటరీ, ట్యూబ్‌లైట్ చెత్తకుప్పలో వేయొద్దు. 2022లో వచ్చిన రూల్స్ ప్రకారం పాత వస్తువులను తిరిగి తీసుకుని సరిగ్గా రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసిన కంపెనీదే. కొన్న షాపులో, సర్వీస్ సెంటర్‌లో అడగండి.

రెండు, ఈ చవితికి రంగులేని మట్టి వినాయకుడు. మీ వీధి కమిటీలో మీరే కదా ఉండేది, మీరే మొదలుపెట్టండి.

మూడు, మీ ఊరి చెరువులోకి మురుగు, పరిశ్రమల నీళ్లు వస్తుంటే, పూడిక తోలేముందు ఆ మట్టిని భారలోహాలకు పరీక్ష చేయించమని పంచాయతీలో, స్పందించకపోతే కలెక్టర్ ఆఫీసులో అర్జీ పెట్టండి. వానలు పడ్డాక అడిగితే లాభం లేదు, చెరువు ఎండినప్పుడే అడగాలి.

నాలుగు, ఇప్పటికే చేసిన పరీక్షల వివరాలను కాలుష్య నియంత్రణ మండలి నుంచి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగొచ్చు. నీళ్ల రిపోర్టు ఒక్కటే కాదు, "బురద రిపోర్టు" అని స్పష్టంగా రాయండి. ఆ ఒక్క మాటే తేడా.

మా అవ్వ ఇప్పుడు లేదు. ఈ చిప్ప ఉంది. ఇది బతికున్నన్నాళ్లూ మన చెరువు నీళ్లను వడగట్టి, అందులో ఏముందో ఒంట్లో దాచుకుంది. దాన్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు చెరువుల్లో ఉన్నవాటినైనా మనం అడగాలి.

మీ ఊరి చెరువులోకి ఏ కాలువ వస్తుందో ఈ ఆదివారం ఒకసారి పోయి చూసి రండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.